ఎడమ పాదం తప్పు కాదు

టప్పుమని ఒక బూటు కౌంటరు మీద పడింది.

కంప్యూటరులో తల దూర్చి కూర్చున్న కౌంటరు అమ్మాయి ఉలిక్కిపడి చూసింది. ఎదురుగా ఒక యువతి. మెడలో విజిలు, ట్రాక్ ప్యాంటు, కుడికాలికి బూటు, ఎడమకాలికి ఉత్త సాక్సు. ముఖం చూస్తే అగ్గి మీద గుగ్గిలం.

"దీన్ని ఎవరు చేశారు?"

"రోబో చేసిందండి" అంది అమ్మాయి, అలవాటైన నవ్వొకటి నవ్వి. "మా దగ్గర అన్నీ రోబోలే చేస్తాయి. మీ పాదం కొలతతో, మీకు నచ్చిన రంగుల్లో, మీ కళ్ళముందే..."

"ఆ పాట నాకు కంఠతా వచ్చు. ఆ రోబోని పిలవండి."

"రోబోని పిలవడం కుదరదండి."

"అయితే దాని తరఫున మాట్లాడే మనిషిని పిలవండి!"

షాపులో బూట్లు చూస్తున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. ఆమెను ఎరిగిన వాళ్ళెవరైనా అక్కడుంటే మెల్లగా పక్కకు తప్పుకునేవాళ్ళే. ఆమె ఒక స్కూల్లో ఆటల టీచరు. పిల్లలు విజిల్ మేడమ్ అంటారు. పిల్లల్ని చూసి స్కూలంతా అలాగే అంటుంది, స్కూలుని చూసి ఇంట్లో వదిన కూడా అలాగే అంటుంది. కోపం వస్తే ఆమెకు విజిలు కూడా అక్కర్లేదు.

షాపుకి వెనక గోడ లేదు, నిలువెత్తు అద్దం ఉంది. అద్దానికవతల చిన్న ఫ్యాక్టరీ. ఒక మెషీను దారం లాక్కుని బూటు పైభాగాన్ని సాక్సులా అల్లేస్తుంటే, పక్కనే పొడుగాటి ఇనప చెయ్యి ఒకటి అడుగుభాగం చుట్టూ కాటుక దిద్దినంత ఒద్దికగా జిగురు పూస్తోంది. ఆ చేతి పక్కనుంచి తలుపు తోసుకుని ఒకతను బయటికొచ్చాడు. చొక్కా మోచేతి దగ్గర జిగురు మరక. నిద్రలో లేపినట్టున్న కళ్ళు.

"నేనిక్కడ రోబో ఇంజినీరునండి. ఏం ప్రాబ్లం మేడమ్?"

"ప్రాబ్లం నాకు లేదు, మీ బూటుకుంది. కుడిది కొరుకుతోంది. ఎడమది జారిపోతోంది. నాలుగడుగులు పరుగెత్తితే అది నాకంటే ముందు పోతోంది."

అతను బూటు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. కంప్యూటరులో ఏదో చూశాడు. కొలిచాడు.

"అంతా కరెక్టుగానే ఉందండి. రెండూ సరిగ్గా ఒకే సైజు."

"అదే నా ఏడుపు! నా కాళ్ళు రెండూ ఒకే సైజు కాదు!"

"కొద్దిగా తేడా అందరికీ ఉంటుందండి."

ఆమె సాక్సు లాగేసి ఎడమపాదం ఎత్తి అక్కడున్న స్టూలు మీద పెట్టింది. అరికాలు విల్లులా పైకి వంగిన చిన్న పాదం. మడమ వెనక సన్నటి తెల్లని గీత, ఎప్పటిదో ఆపరేషను మచ్చ. పక్కన నేల మీదున్న కుడిపాదం దానికి అక్కలా ఉంది.

"ఇది కొద్దిగానా?"

ఆ పాదం చూసిన ప్రతివాళ్ళ ముఖంలోనూ ఒక 'అయ్యో' పుడుతుంది. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ అయ్యోతో పరిచయం. ఇతని ముఖంలో అది రాలేదు. కనుబొమలు దగ్గరికొచ్చాయి, లెక్క తప్పిన కుర్రాడిలా పెదవి కొరుక్కున్నాడు. కోపంలో ఉన్నా ఆమె అది గమనించింది. గమనించిందే గానీ మార్కులేమీ వెయ్యలేదు.

"మళ్ళీ స్కాన్ చేద్దామండి."

స్కాన్ చేశారు. తెర మీద ఆమె పాదాలు రెండూ నీలం గీతలతో తేలాయి. ఒక్క క్షణం పెద్దదీ చిన్నదీగానే ఉన్నాయి. అంతలో ఏదో గిర్రున తిరిగి రెండూ కవలపిల్లల్లా తయారయ్యాయి. కింద అక్షరాలు వచ్చాయి.

ఆమె బయటికే చదివింది. "అసాధారణ కొలత. సరిచేయబడింది."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ క్షణంలో అక్కడున్న వాళ్ళందరికీ తెలిసింది.

"ఎవరిచేత చేయబడిందండీ?"

"సిస్టమ్..." అతను నీళ్ళు నమిలాడు. "రెండు పాదాలకీ ఇంత తేడా కనిపిస్తే స్కాన్ తప్పొచ్చిందనుకుంటుందండి. అప్పుడు రెండిటికీ సగటు తీసి..."

"సగటా? మీ చొక్కా, మీ నాన్నగారి చొక్కా కలిపి సగటు తీసి కుట్టిస్తారా మీ ఇంట్లో? డాక్టర్లు ఎన్నేళ్ళో పడి నిలబెట్టిన కాలండీ ఇది! దీంతో నేను కాలేజీలో పరుగెత్తాను. దీంతోనే రోజూ పిల్లల్ని పరుగెత్తిస్తున్నాను. మీ మెషీను చూసీ చూడగానే తప్పని తేల్చేసిందా? తప్పని తోస్తే అడగాలా వద్దా? 'అమ్మా, నీ కాలు ఇలాగే ఉంటుందా' అని ఒక్క మాట! దానికి నోరు లేకపోతే మీకుంది కదా!"

షాపులో వాళ్ళంతా బూట్లు చూడటం మానేశారు. అద్దం వెనక ఇనప చెయ్యి మాత్రం తన పాటికి తాను జిగురు పూసుకుంటోంది.

"నిజమేనండి. అడగాలి" అన్నాడతను.

ఆమె ఇంకా తిట్టడానికి పీల్చుకున్న గాలి ఊరికే బయటికి పోయింది.

"మీ రెండు కాళ్ళకీ వేరేవేరే అచ్చులు తీయించాలి" అన్నాడు, తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు. "కుడి బూటుకి నేర్పినదాన్నే అద్దంలో చూసినట్టు తిప్పి రోబో ఎడమది చేసేస్తుంది. మీ ఎడమ కాలికి దానికి మొదట్నుంచీ నేర్పాలి. టైం పడుతుంది. నేను చేస్తానండి. వచ్చే శనివారం రాగలరా?"

"వస్తాను. అప్పటికీ మీ మెషీను నా కాలు సరిచేస్తే, నేను మీ మెషీనుని సరిచేస్తాను."

ఒక బూటుతో, ఒక సాక్సుతో, తల ఎత్తుకుని ఆమె బయటికి నడిచింది.

*

"ఎలా ఉన్నాడు?" అంది వదిన, కథంతా విని.

"ఎవరు?"

"నువ్వు తిట్టినవాడు."

"మరమనిషిలా ఉన్నాడు. నేనన్ని మాటలంటే, ఎదురు ఒక్క మాట అనడే! తిట్టిన తృప్తి కూడా లేదు."

వదిన ఆమె కన్నా కొంచెమే పెద్దది. అన్నయ్య ఉద్యోగం ఊళ్ళు తిరిగేది కావడంతో ఇంట్లో ఇద్దరికీ ఒకళ్ళకొకళ్ళే కాలక్షేపం. కుర్చీలో కూర్చున్న నాన్న పేపరు దించి కూతురి కాలివేళ్ళ మీద బొబ్బలు చూశాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆమె చిన్నప్పుడు బూట్ల షాపుకి వెళ్తే ఎప్పుడూ రెండు జతలు కొనేవాడు, పెద్ద సైజొకటి, చిన్న సైజొకటి. "నీ పాదాలు అక్కాచెల్లెళ్ళు తల్లీ, ఒకళ్ళ బట్టలు ఇంకొకళ్ళకి పట్టవు" అనేవాడు. పెద్దయ్యాక ఆమె అలా కొనడం మానేసింది. ఎడమ బూటులో దూది కుక్కుకుని పరుగెత్తేది. కొలిచి కుట్టే బూటని విన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డది ఆయనే.

"డబ్బు తిరిగి తీసుకుని వదిలేయరాదూ?" అన్నాడు.

"వదలను నాన్నా. నా కాలు తప్పంటే ఊరుకుంటానా?"

శనివారం వెళ్ళింది. ఆ పై శనివారమూ వెళ్ళింది. ఒకసారి మడమ దగ్గర ఒరుసుకుంది. ఇంకోసారి అంతా బాగుండి బొటనవేలు దగ్గర ముడుచుకుంది. ప్రతిసారీ ఆమె అద్దం గదిలోకి కాలు దువ్వుతూనే అడుగుపెట్టేది.

"ఇదేమిటండీ, మడమకి బూటు తొడిగారా, బేడీ తొడిగారా?"

"ఎక్కడ నొక్కుతోందో వేలు పెట్టి చూపించండి."

"మీరు ఎప్పుడూ కోప్పడరా?"

"వస్తుందండి కోపం. నోటిదాకా రాదు. దారిలో ఎక్కడో ఆగిపోతుంది."

"అందుకే మెషీన్లతో కాపురం పెట్టారు."

"అవి అరవవు కదండీ" అన్నాడు, బూటులోకి చూస్తూ. ఆ తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. "మిమ్మల్నని కాదు."

"నన్నే అన్నారు. ఫర్వాలేదు, మొదటిసారి ఎదురు మాట్లాడారు. అలవాటు చేసుకోండి."

ఇంట్లో వదిన లెక్కలు వేరేగా సాగుతున్నాయి. "బూటు కోసం చెప్పులరిగేలా తిరగడం నిన్నే చూశాను" అనేది. "శనివారాలు తల దువ్వుకోవడానికి అద్దం ముందు ఇంతసేపా? కాలికేగా బూటు?"

"వదినా!"

"నేనేమన్నాను? కాలికే అన్నాను."

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. షాపు మూసే వేళ. ముందున్న రేకు కింద ఇద్దరూ చిక్కుబడ్డారు. వాన ఒక పక్కనుంచి కొట్టి అతని భుజం తడిపింది. అతను జరగలేదు. జరిగితే ఆమె మీదకి జరగాలి.

"తడుస్తున్నారు" అంది.

"లేదండి."

"కళ్ళు పెట్టుకుని చూస్తున్నాను, తడుస్తున్నారు. ఇటు రండి. కొరకను."

అతను జరిగాడు. వాన కూడా కొంచెం గట్టిపడింది. ఇద్దరూ ఎదురుగా గుంటలో పడుతున్న చినుకుల్ని, అవేదో పరీక్షలో వస్తాయన్నంత శ్రద్ధగా చూశారు. ఒకసారి ఇద్దరూ ఒకేసారి పక్కకి చూసి, ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"ఒకటడగనా?" అన్నాడు చివరికి. ఆమె చినుకుల్ని చూడటం మానేసింది. "మీరు పరుగెత్తేటప్పుడు పాదం ఎలా పడుతుందో వీడియో తీయాలండి. నిలబడ్డప్పటి కొలత చాలట్లేదు. మెషీనుకి నేర్పడానికి మాత్రమే. తీయొచ్చా?"

'దీనికా ఇంత ఉపోద్ఘాతం' అని ఆమెకు ఒళ్ళు మండింది. కానీ అడిగాడు. ఆ సంగతి ఆమె మనసులో ఎక్కడో మెత్తగా తగిలింది.

"నా పాదం నేను ఎవరికీ దాచను. ఎవరికీ చూపించుకుంటూ కూడా తిరగను. మీకూ మీ మెషీనుకీ తప్ప ఇంకెవరికీ కనపడకూడదు."

"కనపడదండి."

ఆ వీడియోతో బూటు కుదిరింది. తొడుక్కుని షాపు వెనక సందులో ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తింది. దూది లేదు. జారడం లేదు. కొరకడం లేదు. ఎడమపాదం నేల మీద తన బరువు తాను మోసుకుంటూ పడుతుంటే, ఇన్నేళ్ళూ ఈ కాలు ఎంత ఓర్చుకుందో అప్పుడు తెలిసొచ్చింది. సందు చివర గోడవైపు తిరిగి ఊపిరి కోసం ఆగినట్టు నటించి, కళ్ళు తుడుచుకుంది.

అతను ఆదుర్దాగా పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడైనా నొప్పా?"

"రంగు బాగోలేదు" అంది.

*

స్పోర్ట్స్ డే దగ్గరపడుతోంది. గ్రౌండులో పిల్లలతో ఉండగా వదిన ఫోన్ చేసింది. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"నువ్వేమైనా యాడ్‌లో చెయ్యడానికి ఒప్పుకున్నావా?"

"ఏ యాడ్?"

వదిన పంపింది. ఆమె ఎండలోనే నిలబడి ఫోను చేత్తో కప్పుకుని చూసింది.

ఒక పాదం. ఆమెదే. మచ్చతో సహా దగ్గరగా, నెమ్మదిగా తిరుగుతోంది. వెనక ఏడుపు సంగీతం. 'నడవలేని అమ్మాయి... ఒక రోబో... ఒక అద్భుతం' అని ఎవరో బొంగురు గొంతుతో చెబుతున్నారు. తర్వాత ఆమె పరుగు, వెనకనుంచి. ముఖం లేదు. పెద్ద అక్షరాలు: 'వంకర పాదానికీ వంక లేని బూటు!'

మొదట కోపం కూడా రాలేదు. ఒళ్ళు చల్లబడిపోయింది. ముఖం లేకపోతేనేం? ఆ పరుగు స్కూల్లో ఎవరికి తెలియదు? నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద తెర మీద కూడా అదే తిరుగుతోందట.

సాయంత్రానికి హెడ్మాస్టరు గదిలోకి పిలిచాడు. ఆయన మంచివాడే. ఆ మంచితనమే ఆరోజు ముల్లులా గుచ్చుకుంది.

"పేరెంట్స్ ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారమ్మా. పాపం అంటున్నారు. నాకూ తెలీదు నీకింత కష్టమని. ఈసారి పరుగుపందేలు వేరే మాస్టారికి అప్పగిద్దామా? నువ్వు కూర్చుని స్కోరు రాస్తే సరిపోతుంది."

"సార్, నిన్నటిదాకా ఈ కాళ్ళతోనేగా వాళ్ళ పిల్లల్ని పరుగెత్తించాను? ఒక్క రాత్రిలో నా కాలికేమైంది?"

"కోపం తెచ్చుకోకమ్మా, నీ మంచికే..."

ఆమె లేచి వచ్చేసింది. అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. 'కనపడదండి' అన్న మాట చెవిలో గింగురుమంటోంది. ఎంత నెమ్మదిగా అన్నాడు! ఎంత నమ్మకంగా అన్నాడు! నోట్లో నాలుక లేనట్టుంటూ ఆమె పాదాన్ని వీధిలో పెట్టాడు. బస్సులో ఉన్నంతసేపూ తిట్లు పోగుచేసుకుంది. ఇంతకు ముందు తిట్టినవన్నీ ముద్దుగా తిట్టినవని తెలిసేలా తిట్టాలనుకుంది.

షాపు తలుపు తోసింది. తోసి ఆగిపోయింది.

జనం గుంపుగా అద్దం దగ్గర మూగి ఉన్నారు. అద్దం వెనక ఇనప చేతులన్నీ గాల్లో ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఒక బూటుకి సగమే జిగురు. గోడ మీద ఎర్ర బటను నొక్కి ఉంది. దాని పక్కన ఇంజినీరు. ఎదురుగా ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఒక పెద్దమనిషి. మార్కెటింగ్ మేనేజరట. మధ్య తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ బయటికి వినిపిస్తున్నాయి.

"మెషీన్లు స్టార్ట్ చెయ్యి. కస్టమర్లు చూస్తున్నారు" అన్నాడు మేనేజరు.

"చెయ్యను! ఆ యాడ్ తీసేదాకా... చెయ్యను! మీరు చేసింది... అది... చాలా... అస్సలు బాగోలేదు!"

అతను అరుస్తున్నాడు. గొంతు మధ్యమధ్యలో కీచుమంటోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకటి నడుం మీద, ఒకటి గాల్లో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోప్పడుతున్నవాడిలా ఉన్నాడు. ఇంత మంటలోనూ ఆమెకు నవ్వొచ్చినంత పనైంది.

"ముఖం కూడా చూపించలేదయ్యా" అన్నాడు మేనేజరు. "సర్వర్‌లో ఉంది, కంపెనీ ఆస్తి, వాడుకున్నాం. జనం కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. ఎంత మంచి స్టోరీ!"

"స్టోరీ కాదండీ! అది మనిషి కాలు! మెషీనుకి మాత్రమేనని నేను మాటిచ్చాను. ఆవిడ... నడవలేకపోవడమేంటి? ఆవిడ పరుగెత్తితే నేనూ మీరూ కలిసి పట్టుకోలేం! మన మెషీనేమీ ఆవిణ్ని నడిపించలేదు. ఆవిడ కాలు తప్పంది! ఆవిడొచ్చి తిడితే అప్పుడు మనం నేర్చుకున్నాం. అది చెప్పండి యాడ్‌లో! దమ్ముంటే... దమ్ముంటే అది చెప్పండి!"

ఆయాసంతో ఆగాడు. ఆగి, మేనేజరు భుజం మీదుగా ఆమెను చూశాడు. గాల్లో ఉన్న చెయ్యి దించేశాడు.

ఆమె గుంపులోంచి దారి చేసుకుని లోపలికి నడిచింది.

"ఆ కాలు నాదే" అంది మేనేజరుతో.

ఆయన చప్పున నవ్వు తగిలించుకున్నాడు. "ఓ, మీరేనా! మీరొక స్ఫూర్తి మేడమ్. జీవితాంతం మీకు బూట్లు ఫ్రీగా..."

"నాకు మీ బూట్లొద్దు, మీ స్ఫూర్తీ వద్దు. నడవలేని అమ్మాయంటారా నన్ను? ఎప్పుడు చూశారు నేను నడవకపోవడం? వంకర పాదమా? వంకర ఎక్కడుందో నాకిప్పుడు బాగా కనిపిస్తోంది. ఆ యాడ్ ఇప్పుడే ఆగాలి. ఏ తెర మీద నా కాలు తిప్పారో అదే తెర మీద, 'అడక్కుండా వాడుకున్నాం, తప్పు మాది' అని రావాలి. ఇంకొకటి. స్కాన్‌లో తేడా కనిపిస్తే మీ మెషీను మనిషిని అడగాలి. సరిచేయబడిందన్న మాట ఇంకెవరి కాలి కిందా కనిపించకూడదు."

"అది ఒక్కరి కోసం మార్చే విషయం కాదు మేడమ్."

"ఒక్కరేంటి?" వెనకనుంచి ఎవరో అన్నారు. చేతికర్ర పట్టుకున్న పెద్దాయన. "మోకాలి ఆపరేషనయ్యాక నాకు ఒక పాదం వాచే ఉంటుంది. ఇక్కడ చేయించుకున్న బూటు నొక్కి చంపుతోంది. నా కాలిదే తప్పనుకుని నోరు మూసుకున్నా."

"మా పాపకీ అంతే" అంది ఒకావిడ. "కొన్నాళ్ళు వేస్తే అదే అలవాటవుతుందన్నారు."

"అలవాటెందుకు చేసుకోవాలండీ?" ఇంకో గొంతు లేచింది. "కొలిచి కుడతామన్నది మీరు కదా!"

ఒకరి తర్వాత ఒకరు బూట్లు విప్పడం మొదలెట్టారు. కౌంటరు మీద టపటపా పడ్డాయి. మేనేజరు నుదుటి మీద చెమట చొక్కా కాలరు దాకా జారింది. ఫోను తీసి ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడాడు. చీకటి పడకముందే కూడలిలో తెర ఖాళీ అయింది.

గుంపు పల్చబడ్డాక ఇంజినీరు ఆమె దగ్గరికి వచ్చాడు. "ఫోన్లు బయట లాకర్లో పెట్టాలండి. మీరు చేసింది చూసుకోలేదు. వీడియో ఆ సర్వర్‌లో వదిలేశాను. వేరేవాళ్ళు తీసుకోవచ్చన్నది నాకు తట్టలేదు."

"తట్టాలి" అంది. "మేనేజరు ఎవరో నాకు తెలీదు. నేను నమ్మింది మిమ్మల్ని. కాపాడాల్సింది మీరు."

"అవునండి."

అతను ఒక్క సాకు చెప్పినా ఆమె పోట్లాడి తేలికపడేది. చెప్పలేదు. ఆమె వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది.

*

తెర మీద క్షమాపణ వచ్చింది, చిన్న అక్షరాలతోనే అయినా వచ్చింది. హెడ్మాస్టరుతో ఆమె మళ్ళీ కూర్చుని మాట్లాడింది. మాట్లాడిందంటే, ఆయన విన్నాడు. పరుగుపందేలు ఆమే నడిపింది. మెషీనులో ఆ సరిచేయడం తీసేసి ప్రశ్న పెట్టారని, రెండు పాదాలకీ విడిగా అచ్చులు తీస్తున్నారని కౌంటరు అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

"ఆయన్ని మాత్రం వెనక గోడౌనుకి మార్చేశారండి. రబ్బరు షీట్లు లెక్కపెట్టుకుంటున్నారు."

"ఎవర్ని?"

"మీ... మా ఇంజినీరు గారిని."

ఫోను పెట్టేశాక ఆమెకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. శనివారాలు ఇంట్లోనే గడుస్తున్నాయి. అతను ఫోన్ చెయ్యలేదు, తనూ చెయ్యలేదు. తప్పు చేసినవాడు ఏసీ గదిలో, తప్పన్నవాడు గోడౌన్లోనా? అంతకంటే మంట, ఈ మాట అతను తనకి చెప్పనందుకు. అయినా చెప్పడానికి తనెవరు? ఆ ప్రశ్న వచ్చేసరికి ఇంకా మండింది.

సోమవారం వెళ్ళి వాళ్ళ సంగతి తేల్చాలని ఒట్టు పెట్టుకుని, వానలో తడుస్తూ ఇంటికొచ్చింది. గుమ్మం ముందు ఎవరివో మగవాళ్ళ బూట్లు, నీళ్ళోడుతూ. లోపల కుర్చీ అంచు మీద ఇంజినీరు. చేతిలో టీ కప్పు. ఎదురుగా నాన్న, పక్కన వదిన, ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

"వచ్చావా తల్లీ!" అన్నాడు నాన్న. "అబ్బాయి మాకు నచ్చాడు."

"ఎందుకు నచ్చాడు?"

"పెళ్ళికి" అంది వదిన, టీలో చక్కెర సంగతి చెబుతున్నంత మామూలుగా.

ఇంజినీరు చేతిలో కప్పు తొణికింది. ఆమె అతని వైపు చూసిన చూపుకి గోడౌను రబ్బరంతా కరిగిపోవాలి.

"బయటికి రండి."

వరండాలో వాన జల్లు కొడుతోంది. "ఏమిటండీ ఇదంతా?"

"నేను మీ నాన్నగారికి సారీ చెప్పడానికొచ్చానండి. మీ ఇంటి పిల్ల కాలు వీధిలో పెట్టినందుకు. సగం చెప్పేసరికి ఆయన 'ఇంతకీ మా అమ్మాయంటే ఇష్టమేనా' అన్నారు. అబద్ధం చెప్పలేకపోయాను."

"అంటే?"

"ఇష్టమే అన్నాను."

ఆమె గొంతు వాన చప్పుడుని మించి లేచింది. "అన్ని శనివారాలు నా ఎదురుగా కూర్చుని, నాతో చెప్పకుండా, మా నాన్నతో చెప్పారా!"

"మెషీన్లతో కాపురం పెట్టానన్నారు కదా, ఏమంటారోనని... ఆ తర్వాత అంత జరిగాక, ఏ ముఖం పెట్టుకుని..."

"ఆ తర్వాత?"

"పెళ్ళెప్పుడు పెట్టుకుందామన్నారు. 'మీ ఇష్టం' అన్నాను."

"ఎవరిష్టం?"

"మీ ఇష్టమండి. మీ అంటే మీదే. నేను మీ గురించన్నాను. ఆయన తన గురించనుకున్నారు. అప్పట్నుంచీ ముహూర్తాలు చూసుకుంటున్నారు. ఎలా ఆపాలో తెలీలేదు."

నవ్వు ఆమె గొంతు దాకా వచ్చింది. మింగేసింది. "ఇప్పుడైనా అడగాల్సినవాళ్ళని అడుగుతారా?"

అతను ఏదో అన్నాడు.

"వినపడలేదు. వాన."

మళ్ళీ అన్నాడు.

"అబ్బే. మేనేజరు మీద అరిచిన గొంతేదీ?"

అతను మెట్లు దిగి వానలో నిలబడ్డాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం! నన్ను పెళ్ళి చేసుకుంటారా!"

గొంతు చివర్లో కీచుమంది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. ఎదురింటి బాల్కనీలోంచి ఒకావిడ తొంగిచూసి, "చేసుకోమ్మా, తడిసిపోతున్నాడు!" అంది.

"మా సంగతి మీకెందుకండీ!" అంది ఆమె అటు తిరిగి. ఇటు తిరిగి, "వానలో నిలబడి అడగమన్నానా? జలుబు చేస్తే ఎవరు చూస్తారు? చేసుకుంటాను. కానీ ఆ గోడౌను విషయం నాకు ముందు చెప్పనందుకు క్షమించలేదు. సోమవారం మీతో నేనూ వస్తున్నాను, వాళ్ళని వదిలేది లేదు. ముందు లోపలికి రండి! చెబుతుంటే వినపడదా?" అని చెయ్యి పట్టుకుని మెట్ల మీదకి లాగింది. లాగిన చెయ్యి వదలడం మాత్రం మర్చిపోయింది.

"ఏమంటోందమ్మా?" లోపల నాన్న గొంతు తగ్గించి అడిగాడు.

కిటికీ దగ్గర నిలబడ్డ వదిన వెనక్కి తిరిగింది.

"తిడుతోంది మావయ్యగారూ. ఒప్పుకున్నట్టే!"